బల్ల కింది తీగ

తాతారావు అబద్ధం ఆడేవాడు కాదు. చార్జరు పెట్టేవాడు, అంతే.

విశాఖపట్నం ద్వారకానగర్‌లో లాప్‌టాప్‌లు అమ్మేవాళ్ళందరికీ తెలిసిన కిటుకే అది. వేగం ఎక్కువున్న ప్రాసెసరుకి తిండీ ఎక్కువే. గోడ నుంచి కరెంటు అందినంతసేపూ గుర్రంలా పరిగెడుతుంది, చార్జరు పీకితే గంటన్నరకే చతికిలపడుతుంది. అందుకని తాతారావు కొట్లో ప్రదర్శనకి పెట్టిన ప్రతి లాప్‌టాప్ వెనక నుంచీ ఒక నల్లటి తీగ, బల్లకి కొట్టించిన కన్నంలోంచి కిందికి దిగిపోయి ఉండేది. కొనడానికి వచ్చినవాళ్ళు తెర వంక చూస్తారు గానీ బల్ల కింద దూరి ఎవడు చూస్తాడు?

"మరి బ్యాటరీ ఎంతసేపొస్తుందండీ?" అని ఎవరైనా తెలివైనవాడు అడిగితే, "స్టిక్కరు మీద ఉంది కదండీ, పన్నెండు గంటల దాకా. ముందు ఈ స్పీడు చూడండి సార్!" అనేవాడు. ఆ 'దాకా' అన్నమాట అతన్ని ఇరవై రెండేళ్ళు పోషించింది. పాపం, మనిషి చెడ్డవాడు కాదు. తీగ పీకి చూపించమంటే చూపించేవాడే. అడగరు, అదీ సంగతి.

అతని పెళ్ళాం నూకరత్నం పద్ధతి పూర్తిగా వేరు. ఆవిడ చేపల రేవులో వేలం వేసేది. తెల్లారేసరికి బోట్లు వచ్చి కోనాం చేపలూ కానగంతలూ గంపల్లో పోస్తే, ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని మధ్యలో నిలబడి నోరు విప్పేది. ఓరి నాయనో, ఏం నోరది! ఇటు అంకె చెబుతూనే అటు బేరగాడి కళ్ళలో ఎంత ఓపికుందో కొలిచేది, మధ్యలో ఒకడి మీసాన్నీ ఇంకోడి చొక్కానీ వెక్కిరించేది. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం ముందే చెప్పేది. "మొప్పెత్తి సూసుకో బాబూ. మూడోసారి అన్నాక నా మొగుడొచ్చి కాళ్ళు పట్టుకున్నా ఎనక్కి తీసుకోను." చేప తాజాదా పాతదా అన్నది మొప్ప రంగే చెబుతుంది. ఆ రేవులో చూడకుండా పాడినవాడి ఏడుపు ఎవరూ వినరు.

ఒక పొద్దున కోనాం గంప ముందు "రెండోసారి" అన్నాక, ఆవిడ మూడోసారి అనలేకపోయింది.

మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు. ప్రాణం దక్కింది, నడక దక్కింది. మాట మాత్రం పోయింది. పలకడం ఒక్కటే కాదు, ఎదుటివాళ్ళు చెప్పేదీ లోపలికి పోదు. మొగుణ్ణి చూస్తే చెయ్యి పట్టుకునేది, కూతురు పావని వస్తే జడ సవరించేది. "అమ్మా" అంటే మాత్రం గోడకేసి చూసినట్టే చూసేది. జాలారిపేటలో వాళ్ళ ఇల్లు పదకొండు నెలలు చచ్చిపోయినట్టు పడి ఉంది. వీధి చివరి నుంచే వినిపించే గొంతు లేకపోతే ఆ ఇంటికి దారెలా తెలుస్తుందని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కళ్ళొత్తుకునేవాళ్ళు.

అప్పుడు తెలిసింది వారధి సంగతి.

రుషికొండ దాటాక కొండవాలున ఒక ప్రయోగశాల. అక్కడ డాక్టర్ మృదుల అనే ఆవిడ వారధి అనే చింతగింజంత ప్రాసెసరు ఒకటి అరచేతిలో పెట్టి చూపించింది. మెదడులో చచ్చిపోయిన ముక్క చేసే పనిని అది చేస్తుంది. పుర్రె కింద పెడితే, వెంట్రుకలో వందో వంతుండే దారాలు దాన్నుంచి పెరిగి మెదడులోకి అల్లుకుంటాయి. బ్యాటరీ దానికే అతికి ఉంటుంది. ఒకసారి అల్లుకున్నాక మళ్ళీ తీయడం కుదరదు, తీస్తే మిగిలిన మెదడు కూడా దానితోపాటు ఊడివస్తుంది.

"రెండు రకాలున్నాయి," అంది డాక్టరు. "ఒకటి వేగ, ఒకటి నిలకడ. వేగ అయితే రోజుకి ఎనిమిది గంటల దాకా పనిచేస్తుంది. మెదడు పక్కన అర డిగ్రీ వేడి కూడా పెరక్కూడదు కాబట్టి చార్జింగు చాలా మెల్లగా ఎక్కాలి, పదహారు గంటలు. అంతసేపూ ప్రాసెసరు ఆపేసి ఉంచాలి. నిలకడ అయితే చాలా తక్కువ తింటుంది. ఆవిడ నిద్రపోయే వేళ చార్జింగు సరిపోతుంది. మెలకువగా ఉన్నంతసేపూ పనిచేస్తుంది. కానీ నిదానం. దారాలు పూర్తిగా అల్లుకోకముందే తీసేసేలా, రెండూ తాత్కాలికంగా పెట్టి చూపిస్తాను. చూసి చెప్పండి."

మొదటిరోజు నిలకడ పెట్టారు. నూకరత్నాన్ని బల్ల ముందు కూర్చోబెట్టారు.

"రత్నం, నేనెవర్నే?" అన్నాడు తాతారావు.

ఆవిడ పెదవులు కదిలాయి, ఆగాయి. కళ్ళు ఎక్కడో వెతుక్కుంటున్నాయి. తాతారావు తనకి తెలియకుండానే గోడ గడియారం వంక చూశాడు. పంతొమ్మిది సెకన్లు.

"మా... వా," అంది.

పావని భోరుమని ఏడ్చి అమ్మని వాటేసుకుంది. తాతారావూ ఏడ్చాడు. కానీ ఏడుస్తూనే ఆ పంతొమ్మిది సెకన్లు లెక్కపెట్టాడు. పాడు అలవాటు! లాప్‌టాప్ బొత్తాం నొక్కగానే తెర వెలగడానికి ఎన్ని సెకన్లో లెక్కపెట్టే కళ్ళవి. పంతొమ్మిది సెకన్లు పట్టే సరుకుని అతను కొట్లో వెనక అరలో పడేస్తాడు.

రెండోరోజు వేగ పెట్టారు. బొత్తాం నొక్కారో లేదో, "ఏటి మావా అలా గుడ్లప్పగించి సూస్తన్నావు? గెడ్డం గీసుకోడానికి కూడా తీరిక లేదేటి? ఒలే పావనీ, ఎవత్తె ఏసింది ఆ జడ, ఎలకల గూడులాగుంది! నిన్నటి మిసను బాగు సేసినారేటి, నోరు ఇప్పేసరికి పానం పోయింది!" అంది. గదిలో ఉన్న నర్సులు సైతం పడీ పడీ నవ్వారు. తాతారావు చొక్కా చేత్తో ముఖం కప్పుకున్నాడు. పదకొండు నెలల తర్వాత పెళ్ళాం అతన్ని తిట్టింది!

ఆవిడ తల వెనక కట్టు కింద నుంచి ఒక తీగ వచ్చి, కుర్చీ పక్కగా దిగి, బల్ల కిందున్న పెట్టెలోకి పోతోంది. తాతారావు దాన్ని చూశాడు. కాలికి తగులుతుందేమోనని కాలు పక్కకి తీసుకున్నాడు కూడా.

డాక్టర్ మృదుల అతన్ని వరండాలోకి పిలిచింది. "ఇవాళ్టి పరీక్షకి ఇంకా ముప్పావుగంట ఉందండీ. ఆవిడ ఇప్పుడు చక్కగా అర్థం చేసుకోగలరు. ఏది కావాలో ఆవిణ్ణే అడగండి."

"ఆవిడకేం తెలుస్తుంది డాక్టరుగారూ ఈ ప్రాసెసర్ల సంగతి? ఇరవై రెండేళ్ళుగా నేను చేసే పనే ఇది."

పావని పక్కనే ఉంది. "నాన్నా, ఎనిమిది గంటలే అంటన్నారు కదా. నిలకడ అయితే రోజంతా మనతో ఉంటాది."

"రోజంతా ఉండి ఏటి సేస్తాదే? మాటకి పంతొమ్మిది సెకన్లు! అలాగైతే మీయమ్మ ఏలం ఎయ్యగలదా? అది మీయమ్మేటి అసలు?"

"నాకు పంతొమ్మిది సెకన్లు ఆగడం ఇష్టమే నాన్నా."

"నీకు తెలీదు, ఊరుకో," అన్నాడు. లోపలికెళ్ళి మిగిలిన ముప్పావుగంటా పెళ్ళాంతో కబుర్లాడి, నవ్వి, నవ్వించి, బయటికొచ్చి వేగకే సంతకం పెట్టాడు. అడగలేదు. సంతోషంలో అసలా ఊసే రాలేదని తరవాత తనకి తాను చెప్పుకునేవాడు. నిజం అది కాదు. ఆవిడ నిలకడ అంటుందేమోనని భయపడ్డాడు.

నూకరత్నం ఇంటికొచ్చింది. జాలారిపేట అంతా గుమ్మం ముందు చేరింది. పొద్దున ఏడింటికి ప్రయోగశాలవాళ్ళిచ్చిన రిమోటు మీద పావని బొత్తాం నొక్కితే, పదిన్నరకి చిన్నాయన కూతురు పెళ్ళి గొడవ చెబుతూ చెబుతూ నూకరత్నం మాట మధ్యలో ఆగిపోయింది. చూపు గోడ మీదికి పోయింది.

తాతారావు పరుగున రుషికొండ పోయాడు. "ఎనిమిది గంటలన్నారు! మూడున్నర గంటలకే అయిపోయిందేంటండీ?"

"ఎనిమిది గంటల దాకా అని రాశాం," అంది డాక్టరు మెల్లిగా. "తక్కువగా మాట్లాడేవాళ్ళకి. మీ ఆవిడ చాలా మాట్లాడతారు, మాటకంటే ముందే ఆలోచిస్తారు. అంత పని చేస్తే అంత తింటుంది."

"మరి ఆవేళ మీ దగ్గర గంటసేపు ఏకధాటిగా వాగింది కదా, ఏమీ కాలేదు!"

"ఆవేళ తీగ మీద ఉన్నారు కదా."

తాతారావు బల్ల కిందికి వంగి చూశాడు.

"మీరు చూశారు కూడా," అంది. "కాలు పక్కకి తీశారు. లాప్‌టాప్‌ల వ్యాపారం అన్నారుగా, మీకు వేరే చెప్పక్కర్లేదనుకున్నాను."

"అయితే ఆ తీగే పెట్టెయ్యండి మళ్ళీ! పక్కనే పెట్టె మోసుకు తిరుగుతాను జీవితాంతం!"

"రెండు రోజులకి మించి తీగ ఉంటే లోపల చీము పడుతుందండీ. ఆ కన్నం మూసేశాం." ఆవిడ తల దించుకుంది. "నేనే గట్టిగా చెప్పి ఉండాల్సింది. మీ మొహంలో సంతోషం చూసి ఊరుకున్నాను."

నాలుగోరోజు నూకరత్నం రేవుకి పోతానంది. వద్దంటే వినే మనిషా! ఐదున్నరకి బొత్తాం నొక్కించుకుని, కొంగు బిగించి, గంపల మధ్య నిలబడింది. బేరగాళ్ళు ఈలలు వేశారు. ముప్పై గొంతులు వింటూ, ముప్పై ముఖాలు చదువుతూ, అంకె మీద అంకె అల్లుతూ ఆవిడ మెదడు ఎప్పటిలా పరిగెత్తింది. వారధి దానివెంట పరిగెత్తింది. ఏడు కాకుండానే ఆగిపోయింది. చెయ్యి గాల్లోకి ఎత్తి ఉంది, నోరు తెరిచి ఉంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు, వేళాకోళం ఆడుతోందనుకుని ఇద్దరు ముగ్గురు నవ్వారు. చివరికి చేపలు కోసే ఆడవాళ్ళు ఐస్‌పెట్టె మీద కూర్చోబెట్టి, ముఖం కడిగి, ఆటోలో ఇంటికి తెచ్చారు. మర్నాడు బొత్తాం నొక్కాక పావని సంగతి చెబితే ఆవిడ బిగించుకున్న కొంగు విప్పేసింది. "మరింక ఎల్లను," అంది. అంతే, మళ్ళీ రేవు పేరెత్తలేదు.

దాన్నయినా భరించేవాళ్ళు. కానీ బ్యాటరీ బ్యాటరీయే కదా! రోజూ అడుగంటా ఊడ్చి మళ్ళీ నింపితే, ఫోను బ్యాటరీ ఏడాదికి ఎలా అయిపోతుందో తాతారావుకి ఒకరు చెప్పాలా? వానలు మొదలయ్యేసరికి రెండు గంటలు మిగిలింది. దీపావళికి యాభై నిమిషాలు. ఇంట్లో అన్నీ ఆ నిమిషాల చుట్టూ తిరిగేవి. ఆవిడ నోరు కట్టుకోవడం నేర్చుకుంది. అవుననడానికి తలూపేది, వద్దనడానికి చెయ్యి ఊపేది. వేగం కోసమని కొనుక్కొచ్చిన ప్రాసెసరు! దాన్ని మిగుల్చుకోవడానికి ఆ వాగుడుకాయ మూగదానిలా బతికింది. పావని ఒకటి రెండుసార్లు తండ్రి వంక చూసింది. ఆ అమ్మాయి తిట్టినా బాగుండేది.

నూకరత్నానికి మాత్రం రెండోది ఉందని తెలియదు. మొదటిరోజు నత్తలా నడిచిన మిషన్నే రెండోరోజు బాగుచేశారని ఆవిడ నమ్మకం. ఒకసారి అడిగింది కూడా. "అవునే, ట్రయలు అది. పాడైపోతే సరి సేసినారు," అన్నాడు తాతారావు. పెళ్ళానికి అతను చెప్పిన మొదటి అసలు అబద్ధం అదే.

దాని గురించి రోజూ ఒప్పుకునేవాడు. ఎప్పుడంటే, ఆవిడ ఆగిపోయాక. తీగ లేకుండానే చార్జింగు ఎక్కించే దిండు మీద తల ఆనించి పడుకోబెట్టి, పక్కన కూర్చుని, "రత్నం, ఇంకోటుండేదే. నేనే వద్దన్నాను. నిన్నడగమన్నారు. అడగలేదే," అని చెప్పుకునేవాడు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదని తెలిసే చెప్పేవాడు. అతను ఏడుస్తుంటే ఆవిడ చెయ్యి చాపి అతని చెంప తుడిచేది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించేది. మర్నాడు మళ్ళీ అదే.

సంక్రాంతి పోయాక పరీక్షకని రుషికొండకి రమ్మన్నారు. పరీక్షకోసం అక్కడికి చేరగానే వారధి వెలిగించాలి. ఆవేళకి ఆవిడకి మిగిలింది పాతిక నిమిషాలు. బయట బెంచీ మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, తల వెనక అదే కోత మచ్చ. పక్కన ఆయన భార్య.

నూకరత్నం ఆగలేకపోయింది. "మీకెంతసేపొస్తాది బాబూ?"

ఆయన నవ్వాడు. పెదవులు కదిలాయి, ఆగాయి. నూకరత్నం ఆ ఆగడాన్ని చూసింది. ఎక్కడో చూసినట్టే ఉంది.

"రోజం... తా," అన్నాడాయన.

"ఎస్‌.కోట బడిలో లెక్కల మాస్టారమ్మా ఈయన," అంది భార్య. "మూడేళ్ళయింది పెట్టి. నిలకడంటారు దీన్ని. మాటకి కాస్త ఆగాలి గానీ, పొద్దున లేచిన కాడినుంచి పడుకునేదాకా నాతోనే ఉంటారు. రెండిట్లో ఏది కావాలని డాక్టరమ్మ అడిగితే ఈయనే ఏలెట్టి సూపించారు."

నూకరత్నం మొగుడి వైపు తిరిగింది. రేవులో ముప్పై ముఖాలు ఒకేసారి చదివిన కళ్ళవి. ఒక ముఖం ఏపాటి?

"రెండున్నాయా మావా?"

తాతారావు తలూపాడు.

"నన్నడగమన్నారా?"

మళ్ళీ ఊపాడు.

"ఏ తీగా లేకుండా సూసినావా దాన్ని? మొప్పెత్తి సూసినావా?"

అతను తల దించుకున్నాడు. ఆవిడ కోపంతో అరుస్తుందనుకున్నాడు, అరవాలని కోరుకున్నాడు. అరవలేదు. అరిస్తే నిమిషాలు పోతాయి. మాస్టారి పక్కన కూర్చుని, ఆయన ఒక్కో మాటా చెప్పేదాకా ఓపిగ్గా వింటూ, తన పాతిక నిమిషాలూ అక్కడే అయిపోనిచ్చింది.

ఆ మర్నాటి నుంచి ఆవిడ నిమిషాలన్నీ పావనివి. బొత్తాం నొక్కాక తలుపు వేసుకునేవాళ్ళు. తాతారావు గడప బయట అరుగు మీద కూర్చునేవాడు. లోపలి నుంచి గొంతు వినిపించేది, మాటలు తెలిసేవి కావు. ఒక్కోసారి ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు విని తనూ నవ్వబోయి ఆగిపోయేవాడు. పద్దెనిమిది నిమిషాలు, పన్నెండు, ఎనిమిది. కొట్టు తాళం తీసి నెలయింది.

ఉగాది ముందురోజు డాక్టర్ మృదుల ఫోను చేసింది. లోపలి బ్యాటరీ అంకెలు ఆవిడకి అక్కడినుంచే కనిపిస్తాయి. "రేపొక్కసారి వెలుగుతుందేమో తాతారావుగారూ. ఒక నిమిషమో, రెండు నిమిషాలో. ఆ తర్వాత నేను చెయ్యగలిగింది లేదు." అవతల ఆవిడ ఏడుస్తోంది. ఇతనికి కోపం కూడా రాలేదు.

ఆ పొద్దున తలుపు తెరిచి పావని బయటికొచ్చింది. ముఖం వాచిపోయి ఉంది. "నాన్నా, అమ్మ నిన్ను రమ్మన్నది. తొరగా."

పరుగెత్తాడు. గడప తగిలి పడబోయాడు. నూకరత్నం మంచం మీద కూర్చుని ఉంది. పావని జడ వేసింది కాబోలు, కనకాంబరాలు పెట్టి ఉన్నాయి.

"కూకో మావా," అంది.

కూర్చున్నాడు. చెప్పుకోవాలని ఏడాదిగా దాచుకున్నది చాలా ఉంది. క్షమించమంటే అదొక నిమిషం. ఏడిస్తే అదొక నిమిషం. ఆవిడ నిమిషాల్ని ఇంకా తినడానికి అతనికి మనసొప్పలేదు. అప్పుడు అడగాల్సింది ఒకటుంది, అదొక్కటే అడిగాడు.

"రత్నం, నీకేది కావాలే? ఆవేళ అడగలేదు. ఇప్పుడడుగుతున్నాను. నువ్వయితే ఏది అనేదానివి?"

ఆవిడ అతని వంక చూసింది. ముఖంలో ఏదో సడలింది. పాత నవ్వులాంటిదే, పెదవి చివర మొదలైంది.

"ఇన్నాళ్ళకి అడిగినావేటి!" అంది. చెయ్యి చాపి అతని గెడ్డం పట్టుకుంది. "సెప్తాను ఇను. నాకయితే..."

తాతారావు ఆగాడు. అతనికి తెలియకుండానే లోపల లెక్క మొదలైంది. అయిదు. పది. పంతొమ్మిది. ఆవిడ చెయ్యి అతని గెడ్డం మీదే ఉంది. చూపు మాత్రం అతని భుజం మీదుగా గోడకి పోయింది.

"అమ్మా!" అంది గుమ్మంలోంచి పావని.

ఇప్పటికీ తాతారావు రోజూ ఆవిణ్ణి ఆ దిండు మీద పడుకోబెడతాడు. పదహారు గంటలు పెడతాడు, ఒక్క నిమిషం తక్కువ కానివ్వడు. పొద్దున ఏడింటికి ఎదురుగా కూర్చుని బొత్తాం నొక్కుతాడు. వద్దు నాన్నా అని పావని చెప్పి చెప్పి మానేసింది. నూకరత్నం అతన్ని చూస్తుంది, గుర్తుపడుతుంది, చెంప తుడుస్తుంది. అతను ఆ పెదవుల వంకే చూస్తూ, తొందరేమీ లేదన్నట్టు, కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుంటాడు.